అద్దం వెనకాల కిటికీ

మా బిడ్డ ఘట్‌కేసర్ దగ్గర కొత్తగా ఫ్లాటు కొంటే పోయిన వారం నేనూ, నా భార్య సత్తెమ్మా చూడటానికి వెళ్లాం. గదులు ఎలా సర్దాలో చెప్పడానికి వాళ్లు ఒకమ్మాయిని పిలిపించారు. ఆ అమ్మాయి ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని గోడలకు ఒక్కో రంగూ వేసి చూపిస్తోంది. చిన్న పడగ్గది వంతు వచ్చేసరికి, ఈ గోడ నిండా అద్దం పెట్టేస్తే గది రెండింతలుగా కనిపిస్తుంది అంకుల్ అంది. నేను ఏ ఆలోచనా లేకుండా, ఆ గోడకు కిటికీ ఏమైనా ఉందా అని అడిగాను. అల్లుడు నవ్వాడు. కిటికీ ఈ పక్కన ఉంది కదా మామా, కనిపించట్లేదా అన్నాడు. సత్తెమ్మ లేచింది. బాల్కనీలోకి వెళ్లి ఆరేసిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి.

చిన్న గదిని పెద్దది చేసే విద్యలో ఒకప్పుడు నాచారం మొత్తంలో నన్ను మించినవాడు లేడు. నా చేతి చలవతో వందల గదులు విశాలమయ్యాయి. వందలు అని రాశాక కొట్టేద్దామనుకున్నాను గానీ, ఉండనిచ్చి నిజం పక్కనే రాస్తున్నాను. ఒక్క గది. అదీ మాదే.

నగరంలో నా బాల్యం నలభై దాటాక మొదలైంది. జనగామ పక్క మా ఊరి రైస్‌మిల్లు మూతబడ్డాక నాచారం ఫ్యాక్టరీల వైపు వచ్చి, గోడల రంగులు తయారు చేసే కంపెనీలో చేరాను. షేడ్ మాస్టర్ ఉద్యోగం. రంగులో రంగు కలిపి, కార్డు మీద పూసి ఆరబెట్టి, గిరాకీకి కావలసిన ఛాయ వచ్చిందో లేదో ఒక్క చూపులో చెప్పేవాడిని షేడ్ మాస్టర్ అంటారు. లేత పసుపులోనే ముప్పై రకాలుంటాయని, అవన్నీ నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తాయని మా వాడకట్టులో అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు. సాయంత్రం నేను సందులోకి వస్తే ఎవరో ఒకరు, మాస్టరూ, మా తలుపుకు ఏ రంగు బాగుంటుంది అని అడిగేవారు. ఊళ్లో బస్తాలు మోసినవాడికి ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో చెప్పడం కష్టం.

మేమున్నది ఒక లైన్ ఇంట్లో. ఒకే వరసలో ఎనిమిది గదులు, ముందు ఒక నల్లా, చివర రెండు మరుగుదొడ్లు. మా గది ఎంత చిన్నదంటే నేను నిద్రలో పక్కకు తిరిగితే తలుపు తెరుచుకునేది. ఇది కూడా కొంచెం ఎక్కువే. పది అడుగులకు పదకొండు అడుగులు. అందులోనే పొయ్యి, మంచం, బియ్యం డబ్బా, ఇనుప సందుగ, హాస్టల్లో చదివే మా బిడ్డ సెలవులకు వస్తే చాప వేయడానికి జాగా, వీటన్నిటి మధ్యా సత్తెమ్మ మిషను. ఆమె చీరలకు ఫాల్స్ కుట్టి, అంచులకు పీకో చేసేది. నేను పొద్దున ఏడింటికి వెళ్లి సాయంత్రం ఆరు దాటాక వచ్చేవాడిని. అంటే ఆ గదిలో నేను మేలుకుని ఉండేది రోజుకు మూడు గంటలు. ఆమె మాత్రం పొద్దుటి నుంచి పడుకునేదాకా అందులోనే. ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదు. ఆమెకు మొదటి రోజే తెలుసు.

పొయ్యి మీద అన్నం ఉడికితే ఆవిరి బయటికి వెళ్లేది కాదు. చీరల గంజి వాసన, పోపు వాసన, నా చొక్కాలోంచి వచ్చే టర్పెంటైన్ వాసన అన్నీ కలిసి ఒక ముద్దగా మా నెత్తిన కూర్చునేవి. ఎండాకాలం రేకుల కప్పు కాలి పగలంతా టిక్కుటిక్కుమనేది. వచ్చిన రెండో ఏడే సత్తెమ్మ అడిగింది. ఉప్పల్ మార్కెట్ వెనక రెండు గదుల పోర్షన్ ఖాళీగా ఉందని ఆమె దగ్గర చీరలు కుట్టించుకునే ఒకావిడ చెప్పిందట.

"ఇంకో అర్ర లేకున్నా మానె. రోడ్డు అవుపడే కిటికి ఒక్కటుంటే సాలు. పానం ఆడుతలేదు నాకు."

దసరా పోనీ అన్నాను. దసరా పోయాక ఉగాది రానీ అన్నాను. ఉప్పల్ నుంచి ఫ్యాక్టరీ దూరం అన్నాను. సైకిలు మీద వెళ్తే ఎంతో దూరం కాదు. అసలు సంగతి నాకు ఆ సందులో మాస్టరూ అని పిలిచేవాళ్లను వదిలి పోవడం ఇష్టం లేదు. ఉప్పల్‌లో మళ్లీ మొదటి నుంచి అబద్ధం చెప్పుకోవాలి కదా.

అందుకని గది మార్చకుండా గది రూపం మార్చడం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో ఛాయ తప్పిన రంగు డబ్బాలు పక్కన పడేసేవారు, అడిగి తెచ్చుకున్నాను. గోడలకు లేత రంగు, కప్పుకు అంతకన్నా లేతది. కప్పు తెల్లగా ఉంటే పైకి లేచినట్టు కనిపిస్తుంది. మంచం కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేసి సందుగ, బియ్యం డబ్బా దాని కిందికి తోశాను. గిన్నెలన్నీ గోడకు మేకులు కొట్టి వేలాడదీశాను. నిలువు చారల పరదా తెచ్చి కప్పు దగ్గర్నుంచి నేల దాకా వదిలాను. నిలువు చారలు చూస్తే గోడ పొడుగైనట్టు ఉంటుందని ఫ్యాక్టరీలో ఒకరు చెప్పగా విన్నాను. ప్రతి పనీ అయ్యాక తలుపు దగ్గర నిలబడి, ఇప్పుడు చూడు ఎంత పెద్దగుందో అనేవాడిని. సత్తెమ్మ చూసేది. పెద్దగనే ఉన్నది అనేది. మళ్లీ మిషను తొక్కేది. ఆమె కిటికీ అడిగినప్పుడల్లా నేను ఒక డబ్బా రంగు తెచ్చాను. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నాచారంలో మా తొలి ఏళ్ల చరిత్రంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఆ గదికి అసలు కిటికీ లేదని కాదు. వెనక గోడకు ఒకటుంది. దాని నుంచి చూస్తే మూరెడు దూరంలో ఇంకో లైన్ ఇంటి వెనక గోడ. సరిగ్గా మా కిటికీకి ఎదురుగా వాళ్ల కిటికీ. ఆ ఇంటి తలుపు మాత్రం అవతలి సందులో ఉంది. అక్కడికి పోవాలంటే మెయిన్ రోడ్డు ఎక్కి చుట్టూ తిరిగి పావుగంట నడవాలి. గాలి రాదు, వెలుతురు రాదు, కనిపించేది గోడ. అలాంటి కిటికీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని నేను లెక్కవేశాను.

ఉప్పల్‌లో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక కటింగ్ షాపు తీసేశారు. అందులో గోడంత అద్దం. షాపతను చవగ్గా ఇచ్చేశాడు. ట్రాలీ ఆటోలో పరుపు పరిచి, దాని మీద అద్దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, అంచులు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. హబ్సిగూడ మీదుగా వస్తుంటే ఆకాశమంతా నా కాళ్ల దగ్గర పారుతోంది. కరెంటు తీగలు, హోర్డింగులు, ఒక గద్ద, అన్నీ తలకిందులుగా నాతోపాటు నాచారం వచ్చాయి. అంత పెద్ద అద్దం పట్టే గోడ మా గదిలో ఒక్కటే. వెనక గోడ. కిటికీ రెక్కలు బిగించి, దాని మీద ప్లైవుడ్ కొట్టి, ఆపైన అద్దాన్ని మరలతో బిగించాను. సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కిటికి ఉండనీ. ఇంకో దిక్కు పెట్టు."

గోడను చూపించే కిటికీ ఎందుకు, ఇప్పుడు ఇంకో గదే కనిపిస్తుంది కదా అన్నాను. ఆమె చెయ్యి తీసేసింది.

ఆ కిటికీ ఆమెకు ఎందుకో నాకు తెలియదని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. నేను ఫ్యాక్టరీలో ఉండేవాడిని కదా, ఆడవాళ్ల సంగతులు నాకెలా తెలుస్తాయి అని. ఇక్కడ ఆ మాట రాయబోయి ఆగిపోయాను. నాకు తెలుసు.

ఎదుటి కిటికీలో రమణమ్మ ఉండేది. గుడివాడ పక్క మనిషి. భర్త ఉప్పల్‌లో ఒక ప్రయోగశాలలో అటెండరు. పొద్దున మగవాళ్లు పనికి పోగానే రెండు కిటికీలూ తెరుచుకునేవి. ఈ ఊచల్లోంచి ఆ ఊచల్లోకి గిన్నె ఏటవాలుగా తిప్పితే దూరేది. అటునుంచి గోంగూర పచ్చడి, ఇటునుంచి సర్వపిండి. కరివేపాకు, సూదిలో దారం, తలనొప్పి బిళ్ల, అన్నీ ఆ మూరెడు సందు మీదుగానే నడిచేవి. సత్తెమ్మ మిషను తొక్కుతూ, రమణమ్మ కూర తరుగుతూ రోజంతా మాట్లాడుకునేవారు. ఒకరి మాట ఇంకొకరికి వింతగా ఉండేదట. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఇదంతా నాకెలా తెలిసిందంటే, ఒకరోజు మధ్యాహ్నం సద్ది డబ్బా మర్చిపోయి ఇంటికి వచ్చాను. తలుపు పరదా దగ్గర ఉండగానే సత్తెమ్మ నవ్వు వినిపించింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె అలా నవ్వగా నేను వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, మిషను మీద తల ఆనించి, ఊపిరి అందక నవ్వుతోంది. అవతల రమణమ్మ కూడా. నేను లోపలికి అడుగు పెట్టగానే రెండు నవ్వులూ ఒక్కసారే ఆగిపోయాయి. రమణమ్మ కిటికీ దగ్గర్నుంచి తప్పుకుంది. సత్తెమ్మ లేచి డబ్బా అందించింది.

నా గురించే నవ్వుకున్నారని అప్పుడే అర్థమైంది. ఎందుకు నవ్వుకున్నారో కూడా తెలుసనుకున్నాను. నేను షేడ్ మాస్టర్ని కాదు. షేడ్ మాస్టర్ వేరే ఆయన, అద్దాల గదిలో కూర్చునేవాడు. నాది నింపిన డబ్బాల మీద మూత పెట్టి చెక్క సుత్తితో నాలుగు పక్కలా కొట్టే పని. సత్తెమ్మకు కూడా ఆ సంగతి చెప్పలేదు. ఇది ఈ రెండు కిటికీల మధ్య బయటపడిందని, రోజూ నేను వెళ్లాక అదే ముచ్చట అని నాకు అనుమానం. ఇక ఆ కిటికీ మూసే దారి కోసం చూస్తూ ఉన్నాను. అద్దం దొరికింది.

గది నిజంగానే పెద్దదైంది. వాడకట్టంతా చూడటానికి వచ్చింది. ఓనరు కూడా వచ్చి, నేను కట్టించిన అర్ర గింత పెద్దగుండెనా అని గోడలు తట్టి చూసి పోయాడు. చీరలు కుట్టించుకునేవాళ్లు అద్దం ముందు భుజాన వేసుకుని చూసుకునేవారు, గిరాకీ కూడా కొంచెం పెరిగింది. నేను ఇవన్నీ సత్తెమ్మకు లెక్కపెట్టి చెప్పేవాడిని. ఆమె మాటలు తగ్గిపోయాయి. మిషను తిప్పి అద్దానికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం వడ్డించి, తిని, గిన్నెలు తోమి పడుకునేది. కోపం కూడా కాదు. కోపమైతే నేను ఏదో ఒక కథ చెప్పి తప్పించుకునేవాడిని.

అవి తెలంగాణ కావాలని రోడ్లన్నీ నిండిన రోజులు. వారానికి రెండు బందులు. ఒక బందు రోజు ఫ్యాక్టరీ మధ్యాహ్నానికే వదిలేశారు. ఇంటికి వచ్చి చూస్తే అద్దం మీద ముతక దుప్పటి కప్పి ఉంది. సత్తెమ్మ మిషను ఆపేసి గోడకానుకుని ఊరికే కూర్చుంది. నేను రోజూ వచ్చే వేళకు ఆ దుప్పటి తీసేస్తోందని అప్పుడు తెలిసింది. ఎందుకు కప్పావు అన్నాను.

"ఎటు సూసినా నేనే అవుపడుతున్న. కుట్టేది నేనే, వండేది నేనే, అద్దంల కూసున్నది గూడ నేనే. పొద్దంత ఇంకో మనిషి మొకం సూడకపోతే పిచ్చి లేస్తది నాకు."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. నాకేసి కూడా చూడలేదు. నేను స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. అద్దం దింపి మంచానికి ఆనించి, ప్లైవుడ్ ఊడదీసి, కిటికీ రెక్కలు తెరిచాను. ఎదురుగా రమణమ్మ కిటికీ లేదు. ఉంది గానీ, లోపలి నుంచి ఊచలకు అట్టముక్క కట్టి పూర్తిగా మూసేశారు. సత్తెమ్మ లేచి వచ్చి చూసి, ఊచలు పట్టుకుని అలాగే నిలబడింది.

సంగతి అప్పుడు చెప్పింది. నేను అద్దం బిగించిన రోజే మా సందులోంచి జెండాలతో ఊరేగింపు వెళ్లిందట. ఆంధ్రావాళ్లు పోవాలని కొందరు గట్టిగా అరిచారట. అదే సాయంత్రం మా వైపు నుంచి రెక్కలు బిగించిన చప్పుడు, మేకులు కొట్టిన చప్పుడు. రమణమ్మ దానికి అర్థం తనకు తోచినట్టు చేసుకుంది. తర్వాత కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే తల వంచుకుని వెళ్లిపోయింది.

"చెప్పకపోయినవా మరి?" అన్నాను.

"ఏమని చెప్పాలె? మా ఆయన అర్ర పెద్దగ జేసిండు, అందుకే నీ కిటికి మూసిండు అని చెప్పాల్నా? ఎవలన్న నమ్ముతరా?"

నేను చెప్పులు వేసుకుని బయలుదేరాను. అసలు కారణం తెలిసినవాడిని నేనొక్కడినే కదా. మెయిన్ రోడ్డు మీద బస్సుల్లేవు. నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు, తిని పో కాకా అని ఎవరో పిలిచారు. ఇప్పుడు ఆ దారి హబ్సిగూడలో మెట్రో స్తంభాల నీడలోకి చేరుతుంది. ఆ లైన్ ఇళ్లు రెండూ పోయి అయిదంతస్తులు లేచాయి. సందు మూరెడు నుంచి గజానికి పెరిగింది గానీ, ఆ కిటికీలకు రంగు అద్దాలు, ఏసీ పెట్టెలు. మా ఇప్పటి ఇంట్లో మూడు గదులకు ఏడు కిటికీలున్నాయి. ఏ కిటికీలోంచి చెయ్యి చాచినా ఇంకో చెయ్యి తగలదు. ఆ రోజు మాత్రం ఆ పావుగంట దారి నాకు ఘట్‌కేసర్ దాకా ఉన్నట్టు అనిపించింది. నడుస్తూ మూడు అబద్ధాలు కల్పించుకున్నాను. మూడూ బాగున్నాయి.

రమణమ్మ భర్త తలుపు సగమే తీశాడు. చందాకో, ఖాళీ చేయమనడానికో వచ్చాననుకున్నాడు. ఏం కావాలండీ అని అడిగిన గొంతులో భయం ఉంది. నన్ను చూసి ఎవరైనా భయపడటం నా జీవితంలో అదే మొదలు, అదే చివర. అది చూశాక నేను తయారు చేసుకున్న మూడు అబద్ధాలూ నోటికి రాలేదు. చెల్లెతో ఒక్క మాట చెప్పి పోతాను అన్నాను. లోపల రమణమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆ గది కూడా మా గదంతే. మా గదే, అలంకారం లేనిది.

"మీ మీద మాకేం కోపం లేదు అన్నయ్యగారూ," అంది ఆమె. "మీకు మూసుకోవాలనిపించింది, మూసుకున్నారు. మేమూ మూసుకున్నాం."

"గట్ల కాదు చెల్లె. తెలంగాణ, ఆంధ్ర ఏం లేదు ఇందుల. నేను షేడ్ మాస్టర్ని కాదు. డబ్బాలకు మూతలు గొట్టెటోన్ని. మీరిద్దరు అది ఎరికై నా మీద నవ్వుతున్నరని కిటికి మూసిన. అద్దం ఉత్త సాకు. మా ఇంటిదానికి గీ సంగతి ఏదీ తెల్వది."

రమణమ్మ భర్త తలుపు ఇంకా పట్టుకునే ఉన్నాడు. అప్పుడు అట్టముక్క వెనక నుంచి, చేతికి అందేంత దగ్గరగా, సత్తెమ్మ గొంతు వినిపించింది. నేను తెరిచి వచ్చిన మా కిటికీ దగ్గరే ఆమె ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

"వదినా, ఆయన చెప్పేదాంట్ల సగమే నమ్ము."

రమణమ్మ ఆ అట్టముక్క వైపు తిరిగింది.

"ఏ సగం వదినా?"

"మూతల సగం."

రమణమ్మ వెళ్లి కత్తితో తాళ్లు కోసి అట్టముక్క తీసేసింది. ఊచల అవతల ఊచలు, వాటి వెనక సత్తెమ్మ మొఖం. దాని వెనక మా గది, అద్దం లేకుండా, చిన్నగా. ఇద్దరూ పలకరించుకోలేదు. రమణమ్మ పొయ్యి మీద ఉన్న పప్పు గిన్నెలోకి వంచి ఏటవాలుగా తిప్పి అటు పంపింది. అది అందుకున్నాక సత్తెమ్మ నన్ను చూసింది.

"నీ అరచేతిల సుత్తి కాయలున్నయి. రంగులు కలిపెటోనికి గవెందుకుంటయి? నువ్వు కొలువుల చేరిన నెలకే ఎరికె నాకు."

రమణమ్మ నా వైపు తిరిగింది. "నాకూ చెప్పింది లెండి, ఎప్పుడో. కానీ ఆ వేళ మేం నవ్వుకున్నది దానికి కాదు అన్నయ్యగారూ."

మరి దేనికి అని అడిగాను. రమణమ్మ సత్తెమ్మ వైపు చూసింది, సత్తెమ్మ రమణమ్మ వైపు చూసింది. ముందు ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. ఆ గదిలో ఒక నవ్వు, ఈ గదిలో ఒక నవ్వు, మధ్యలో పప్పు వాసన. తలుపు దగ్గర రమణమ్మ భర్త నా మొఖం, నేను ఆయన మొఖం చూసుకుంటూ నిలబడ్డాం. ఆయనకూ తెలియదని మాత్రం అర్థమైంది.

రాష్ట్రం వచ్చిన తర్వాతి ఏడు వాళ్లు బదిలీ అయి విజయవాడ వెళ్లిపోయారు. మేం ఉప్పల్ మార్కెట్ వెనకే ఒక పోర్షన్‌లోకి మారాం. రోడ్డు కనిపించే కిటికీ దొరికింది, కొన్నేళ్లకు ఇప్పటి ఇల్లూ. సత్తెమ్మ ఇప్పటికీ నెలకోసారి ఫోన్లో రమణమ్మతో మాట్లాడుతుంది. నేను అక్కడే ఉంటే ఆరోగ్యాలు, కూరలు, పిల్లల సంగతులు. నేను అవతలి గదిలోకి వెళ్తే గొంతు తగ్గుతుంది, తర్వాత ఆ నవ్వు. ఆ మధ్యాహ్నం దేనికి నవ్వుకున్నారో చెప్పమని ఎన్నో రకాలుగా అడిగాను, బతిమాలాను, ఒకసారి అలిగి అన్నం మానేశాను. రెండు రోజులు మానేశానని రాయాలని ఉంది. ఒక్క పూట. గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు అంటుంది. ఇప్పుడు కూడా ఫోను మోగింది. గుడివాడ యాస వినిపిస్తోంది. కలం పక్కన పెట్టి నేను అవతలి గదిలోకి వెళ్తున్నాను.